సమాధానం: ఆర్కే బీచ్ ఎదురు పాత హోటల్, క్యాన్సిల్ చేస్తే డబ్బు రాదంట

అన్నా, రివ్యూల్లో చెమ్మ వాసన, ఏసీ గోల అని చూసి భయపడ్డారు, క్యాన్సిల్ చేస్తే రూపాయి రాదంటున్నారని రాశారు కదా, చెయ్యకండి. పోయినేడు మేమూ సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్కి వైజాగ్‌లో అలాంటి దాంట్లోనే దిగాం, బాల్కనీ గ్రిల్ పట్టుకుంటే తుప్పు పొరలుగా చేతికొచ్చింది. ఉప్పుగాలి కదా, ఏసీ బయటి యూనిట్ కూడా తొందరగానే పోద్ది. సామాన్లు కిందే పెట్టి పైకెళ్ళి, ఏసీ పది నిమిషాలు వేసి, గీజర్ నీళ్ళు చూసి, పరుపు ఎత్తి వాసన చూశాకే సరే అనండి, నచ్చకపోతే అప్పుడే వేరే రూమ్ అడగాలి, రాత్రయ్యాక ఎవడూ కదలడు. వీడియో తీసుకోండి. మొండికేస్తే 1915కి, అదే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి కొట్టండి. సూర్యోదయం మాత్రం మంచం మీంచే కనిపించింది, మా ఆవిడ తుప్పు సంగతే మర్చిపోయింది.