లారీ లోడింగ్ నిబంధనల గొడవ గురించి మేనల్లుడికి ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన యాజమాన్యం సర్క్యులర్ నకలూ అందాయి. రాయగడ గోడౌన్‌లో లోడింగ్ ఇన్‌ఛార్జిగా చేరి ఏడాదైనా కాకముందే సరుకు మోసి ఎక్కించే కళాసీలు ఒక పూట పని ఆపేశారనీ, పై ఆఫీసు వాళ్లు విషయం ఏమిటో కనుక్కోకుండా నిన్నే సంజాయిషీ అడిగారనీ రాశావు. అందులో నీకు చిన్నతనమేమీ లేదు. ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్నవాడు రెండు వైపుల మాటా పడక తప్పదు. సర్క్యులర్ నిదానంగా చదివాను. నిబంధనల్లో చాలావరకు మంచివే, కొన్నయితే నేను పనిలో ఉన్న కాలంలోనే రావలసినవి. అయితే వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి పొసగవు, పొసగనప్పుడు దేన్ని ముందు చూడాలో తేల్చే బాధ్యత ఎవరిదో అందులో ఎక్కడా రాయలేదు. రాయని బాధ్యత జారి జారి చివరికి బస్తా మోసేవాడి మీద పడుతుంది, అతను ఒకటి పాటిస్తే రెండోది తప్పాడని రిజిస్టరులో పేరెక్కుతుంది. గొడవకు మూలం అక్కడుంది గానీ, నువ్వు రాసినట్టు కళాసీల మొండితనంలో లేదు.

కొరాపుట్ రూటు బండినే తీసుకో. మొదటి దింపుడు లక్ష్మీపూర్, తరువాత కాకిరిగుమ్మ, ఆఖరిది కొరాపుట్. లక్ష్మీపూర్ దుకాణాలకు ఉప్పు, పంచదార బస్తాలూ, కొరాపుట్‌కు బిస్కెట్లు, చిప్స్ పెట్టెలూ వెళ్తున్నాయనుకుందాం. బరువు సరుకు క్యాబిన్ వైపు ఉండాలని సర్క్యులర్‌లో మూడో నిబంధన చెబుతోంది. ఆఖరి ఊరి సరుకు అన్నిటికంటే ముందు ఎక్కాలని నాలుగోది చెబుతోంది. అంటే క్యాబిన్ వెనక గోడ దగ్గర ఉప్పు ఉండాలి, అదే చోట చిప్స్ పెట్టెలూ ఉండాలి. ఈ లెక్క ఏ కళాసీ అయినా ఎలా తీరుస్తాడు? పై ఆఫీసు వాళ్లు ఒక్క ఊరికే సరుకు మోసే పెద్ద లారీని మనసులో పెట్టుకుని మూడోది రాశారు, ఊరూరా ఆగే బండిని చూసి నాలుగోది రాశారు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినట్టు లేదు.

అసలు బరువు క్యాబిన్‌కు ఆనుకునే ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు. బరువు వెనక ఇరుసును దాటి డోరు వైపు పోకూడదు, నేలను వదిలి పైకి లేవకూడదు. ఈ రెండూ చూసుకుంటే చాలు. ఇరుసు వెనక బరువు పడితే ముందు చక్రాల మీద భారం తగ్గి, ఘాటీ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోతుంది. పైకి పేరిస్తే మలుపుల్లో బండి ఒరుగుతుంది. అందుకని కొరాపుట్ పెట్టెలు ముందు గోడకు ఆనించి, వాటిని ఆనుకుని కాకిరిగుమ్మ సరుకు, ఆ తరువాత లక్ష్మీపూర్ బస్తాలు వెనక ఇరుసు మీదుగా, దానికి కాస్త ముందుగా, నేలబారుగా పరిపించు. లక్ష్మీపూర్‌వే తేలిక పెట్టెలుంటే డోరు దగ్గరకు వస్తాయి. లారీని పొడవునా రెండుగా చీల్చి ఎడమ పక్క ఒక ఊరిదీ కుడి పక్క ఇంకో ఊరిదీ పేర్చడం కొందరు మేస్త్రీలకు అలవాటు, దింపడానికి అది సుఖంగానే ఉంటుంది గానీ, ఒక పక్క ఖాళీ అయ్యాక మిగిలిన దారంతా బండి ఒంటి భుజం మీద నడుస్తుంది. కొండదారిలో దానికి ఒప్పుకోకు. ఇంకొక సంగతి సర్క్యులర్‌లో లేనే లేదు. లక్ష్మీపూర్‌లో బస్తాలు దిగిపోయాక వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆపైన ఎక్కుడు రాగానే మిగిలిన పెట్టెల దొంతర ఆ ఖాళీలోకి కూలుతుంది, డోరు తీసిన క్లీనరు మీదే పడుతుంది. దింపుడు అయిన ప్రతి చోటా మిగిలిన సరుకుకు అడ్డంగా తాడో వలో కట్టి బిగించే పని డ్రైవరు, క్లీనర్లదని రాయించు. ఆ వాక్యం లేనంత కాలం కొరాపుట్‌లో నలిగిన ప్రతి పెట్టే రాయగడ కళాసీల ఖాతాలోనే పడుతుంది.

ఇక గంట నిబంధన. బండి ప్లాట్‌ఫారానికి ఆనినప్పటి నుంచి గంటలోపు డోరు మూయాలన్నారు. డ్రైవరు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టిన సమయం కూడా లోడింగ్ ఆలస్యంలో కలిపారని రాశావు, చదివి నవ్వుకున్నాను. అది ఒక్క ఫోనుతో తేలిపోతుంది. తేలనిది కూలీ సంగతి. మీ కళాసీల ముఠాకు బస్తాకింత, పెట్టెకింత అని కదా లెక్క. ఆ రేటు కుదిరిన రోజుల్లో లారీ నిండా ఒకే ఊరి సరుకు వెళ్లేది, మోసి దొంతర పెడితే పని అయిపోయేది. ఇప్పుడు బిల్టీ (సరుకు రవాణా చీటీ) చూసి ఏ పెట్టె ఏ దుకాణానిదో విడదీయాలి, ఊరి పేరు సుద్దతో రాయాలి, వరస తప్పితే దించి మళ్లీ ఎక్కించాలి. ఈ విడదీసే పనికి రేటు పట్టీలో పద్దే లేదు. కూలీ లేని పనిని గంటలో ముగించమంటే ఎవరైనా ఊరుకుంటారా? పైగా గంట దాటుతోందని మీ గుమస్తా రెండేసి బస్తాలు ఎత్తమని తొందరపెట్టినట్టు నీ ఉత్తరంలోనే ఉంది. 1967 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాన్ని మన దేశం 2010లో ఆమోదించింది. ఒక మనిషి చేత అతని ఆరోగ్యానికి ముప్పు తెచ్చే బరువు మోయించకూడదని దాని సారాంశం, దానితో పాటు వచ్చిన సిఫారసు వయసొచ్చిన మగవాడికి 55 కిలోలను హద్దుగా చెప్పింది. గుమస్తాను పిలిచి ఆ రెండేసి మాట ఇక నోట రాకూడదని చెప్పు. ఇది ఇవాళే చెయ్యి.

విడదీసే పనిని లారీ వచ్చాక కాకుండా ముందు రోజు సాయంత్రమే చేయించడం మేలు. గోడౌన్ నేల మీద ఊరికొక గడి చొప్పున రంగుతో గీతలు గీయించు, సరుకు దిగినప్పుడే ఎవరి గడిలోకి వారిది చేరాలి. దింపుడు జాబితాను ఆఖరి ఊరు పైన, మొదటి ఊరు కింద ఉండేట్టు తలకిందులుగా తీయించి గోడకు అంటించు. అలా చేస్తే గంట సరిపోతుంది, నువ్వు ఎవరి వెనకా నిలబడి గడియారం చూపించనక్కర్లేదు. ఆ సాయంత్రం పనికి మాత్రం వేరే కూలీ కట్టించాలి. అది లేకుండా పై మాటలన్నీ ఉత్తవే.

బరువు విషయంలో మాత్రం కళాసీల మాటకు గానీ, సేల్స్ వాళ్ల ఒత్తిడికి గానీ లొంగకు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం పరిమితికి మించి బరువేస్తే 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా. సరుకు పక్కలకో పైకో హద్దు దాటి పొడుచుకొస్తే దానికి మరో 20,000. ఆ సెక్షన్ నడిపినవాణ్నే కాక నడపనిచ్చినవాణ్నీ పట్టుకుంటుంది, గేటు పాసు మీద సంతకం నీది. అనుమానం వచ్చిన బండిని కాటాకు పంపి, చీటీ ఫైలులో పెట్టు.

పని ఆగిపోవడానికి అసలు కారణం డ్యామేజీ కోత అని నాకు తోస్తోంది. ఫినాయిల్ పెట్టె అడుగున పడి పగిలితే ఇద్దరు కళాసీలకు ఒక రోజు కూలీ కోశారని రాశావు. ఆ పెట్టె మీ గోడౌన్‌కు వచ్చేటప్పుడే తడిసి ఉందా అని ఎవరైనా చూశారా? పాత కళాసీలు పెట్టె ఎత్తే ముందు కింది మూల బొటనవేలితో నొక్కి చూస్తారు; అట్ట లోపలికి దిగి అక్కడే నిలిచిపోతే అది చెమ్మ పట్టిన పెట్టె, దాన్ని దొంతర పైన పెడతారు గానీ అడుగున పెట్టరు. ఈ పని దింపుకునేటప్పుడు మీ గుమస్తా చేసి, అలాంటి పెట్టెలను విడిగా రాసి ఉంచాలి. చట్టం సంగతికొస్తే, 1936 నాటి వేతన చెల్లింపు చట్టమూ, తరువాతి 2019 వేతనాల కోడూ ఈ విషయంలో ఒకే మాట చెబుతున్నాయి: నష్టం ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, అతను చెప్పుకోవడానికి అవకాశం ఇచ్చిన తరువాతే కోయాలి, కోత జరిగిన నష్టాన్ని మించకూడదు. మీ దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు. ఆ రోజు కూలీ తిరిగి ఇప్పించు, అదీ మిగతా నిబంధనల గురించి నోరు విప్పక ముందే. డబ్బు చేతికి రానిదే నువ్వు చెప్పే భద్రత మాటలు వాళ్ల చెవికెక్కవు, ఎక్కాలని ఆశించడం న్యాయమూ కాదు.

డోరు మూసే ముందు ఫోటో తీయాలన్న నిబంధన మీద కళాసీలకు అనుమానం ఉందన్నావు, తమను పట్టుకోవడానికే అనుకుంటున్నారట. నిజానికి వాళ్లకు అన్నిటికంటే పనికొచ్చే నిబంధన అదే. రాయగడలో దొంతర నిటారుగా ఉందని ఫోటో చూపిస్తే, దారిలో జరిగినదానికి వాళ్లను అడగడానికి వీల్లేదు. ఫోటో ముఠా మేస్త్రిగారి ఫోనులోకి కూడా పంపు, అనుమానం అక్కడితో సరి. పెట్టెలు ఎత్తడానికి కొక్కెం వాడకూడదన్న నిబంధన సరైనదే, గోనె బస్తాలకు కూడా వద్దనడం అతి. ఆ మేరకు సవరించమని అడుగు.

వీళ్లతో మాట్లాడేటప్పుడు ఆఫీసు గదికి పిలిచి వరసగా నిలబెట్టకు. ముందు మేస్త్రిగారిని ఒక్కరినే కలువు; వయసులో పెద్దాయన, ఆయనకు తెలియకుండా ముఠాతో మాట్లాడితే నీ మాట మంచిదైనా చెల్లదు. తరువాత కొరాపుట్ బండి లోడయ్యేటప్పుడు ఆ లారీ దగ్గరే, ఉప్పు ఎక్కడ, చిప్స్ ఎక్కడ అన్నది ఆయన చేతే పేర్పించి, ఎందుకో నువ్వు చెప్పు. నోటీసు ఒడియాలోనూ తెలుగులోనూ పెట్టించు, అయితే దానితో పని అయిపోయిందనుకోకు. మీ ముఠాలో కువి మాట్లాడే కొండవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఆ రెండు లిపులూ అక్కరకు రావు, వాళ్ల భాషలో చెప్పగల కళాసీ ఒకడు పక్కన ఉండాలి.

పై ఆఫీసుకు సంజాయిషీ రాయమన్నారు కదా, దాన్ని క్షమాపణ పత్రంలా రాయకు. మూడో నిబంధనా నాలుగో నిబంధనా కొరాపుట్ బండిలో ఎలా ఢీకొంటున్నాయో పై లెక్కతో చూపించు. మూడోదాన్ని "బరువు సరుకు వెనక ఇరుసు దాటకుండా, నేలబారుగా ఉండాలి" అని మార్చమని అడుగు. దింపుడు చోట తాడు కట్టే బాధ్యత, సాయంత్రం విడదీసే పనికి కూలీ, విచారణ లేకుండా కోత ఉండదన్న మాట, ఈ మూడూ చేర్చమను. చివరగా, రెండు నిబంధనలు అడ్డుపడిన రోజున నిర్ణయం ఇన్‌ఛార్జిదనీ, దానికి కళాసీలు జవాబుదారీ కాదనీ రాతపూర్వకంగా కోరు. ఆ ఒక్క వాక్యం కోసం గట్టిగా నిలబడు, మిగతావాటిలో కొంత బేరమాడినా పరవాలేదు. వాళ్లు ఆ వాక్యం ఇవ్వకపోతే ఏ బండికి ఏ నిర్ణయం తీసుకున్నావో నీ రిజిస్టరులో నువ్వే రాసి, సంతకం పెట్టుకో.

ఆ సంజాయిషీ పంపే ముందు చిత్తుప్రతి నాకు చూపించు. విడదీసే పనికి మేస్త్రిగారు ఎంత అడుగుతున్నారో కూడా రాయి. గుణుపూర్, మునిగుడ వైపు ముఠాల రేట్లు నేను కనుక్కుని ఈ వారంలోనే చెబుతాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య