శ్రోతల ప్రశ్నలు: అదే పాట, ఇంకో రాత్రి

(సభల్లో కచేరీలు రికార్డు చేసే సౌండ్ ఇంజనీరు చెన్నై మైలాపూరు నుంచి ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బ్యాండ్ అంటే ప్రాణం. వాళ్ల లైవ్ ఆల్బమ్‌లు డజన్లకొద్దీ పోగేశాడు. చూస్తే అన్నింట్లోనూ చాలావరకు అవే పాటలు. ఒకటి కొంటే చాలదా? మన సంగీతంలో కూడా ఇలా లైవ్ రికార్డింగులకే పేరుపడ్డవాళ్లు ఉన్నారా?
— ఒక పాఠకురాలు, వేలచ్చేరి, చెన్నై

జవాబు: అమ్మా, మీ అబ్బాయి డబ్బు దండగ చేయడం లేదు. ఒక పాటను రెండు రాత్రులు ఒకేలా పాడలేనివాళ్లు కొందరుంటారు. వాళ్లవి ఎన్ని లైవ్ ఆల్బమ్‌లు వచ్చినా వినబుద్ధి అవుతుంది. స్టూడియోలో పాడింది పాడినట్టు వేదిక మీద అప్పజెప్పేవాళ్లకు ఒక్కటి కూడా ఎక్కువే.

గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల ‘డార్క్ స్టార్’ పాట 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. 1969లో వచ్చిన ‘లైవ్/డెడ్’ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు దాటింది. అభిమానులు టేప్ రికార్డర్లు తెచ్చుకుంటే వాళ్లు అడ్డు చెప్పలేదు. 1984 నుంచి టేపు చేసుకునేవాళ్లకు టికెట్లు కూడా విడిగా అమ్మి, హాల్లో వాళ్లకంటూ ఒక చోటు ఇచ్చారు. టేపులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోకూడదు, అంతే. ఆ తర్వాత తమ దగ్గరున్న పాత టేపుల్లోంచి ఏరి ‘డిక్స్ పిక్స్’ పేరుతో 36 సంపుటాలు తెచ్చారు. పెర్ల్ జామ్ బ్యాండ్ అయితే 2000 సంవత్సరపు టూర్ ఒక్కదాని నుంచే 72 లైవ్ ఆల్బమ్‌లు విడుదల చేసింది. నన్నడిగితే అన్నీ వినక్కర్లేదు. డెడ్ వాళ్లవి మాత్రం ఎన్నయినా వినొచ్చు.

ఇక మన సంగతి. కర్ణాటక సంగీతంలో లైవ్ అనేది ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట కాదు, కచేరీయే అసలు సంగీతం. పాత 78 స్పీడు రికార్డులో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. అందులో రాగాన్ని తీరిగ్గా పెంచే ఆలాపన ఎక్కడ పడుతుంది, కృతిలో ఒక పాదాన్ని పట్టుకుని రకరకాలుగా పాడే నెరవు ఎక్కడ పడుతుంది? మదురై మణి అయ్యర్, జి.ఎన్.బాలసుబ్రమణ్యం ఎంతటి గాయకులో ఇవాళ మనకు తెలుస్తోందంటే, ఎవరో రసికులు స్పూల్ టేపు మీద ఎక్కించుకుని దాచిన కచేరీల వల్ల, రేడియో వాళ్లు దాచిన ప్రసారాల వల్లే. మణి అయ్యర్ పాడిన త్యాగరాజ కృతి ‘సరస సామ దాన’ రెండు వేర్వేరు కచేరీలవి సంపాదించి, కాపీనారాయణి రాగంలో ఆయన వేసే స్వరాలు పక్కపక్కన పెట్టి వినండి. కృతి అదే, నడక అదే, స్వరాలు మాత్రం ఆ పూటకు పుట్టినవి. మన తెలుగు గాయకుల్లో ఓలేటి వెంకటేశ్వర్లుగారు ఉన్నారు. ఆయన సంగీతం మనకు మిగిలింది చాలావరకు రేడియో రికార్డింగుల్లోనే.

ఈ తేడా ఎక్కడ దొరుకుతుందో నా హెడ్‌ఫోన్స్‌లో విన్నది చెబుతాను. ఆలాపనలో గాయకుడి వెనకే వయొలిన్ నీడలా వస్తుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి వాయించినవాళ్లయితే గొంతుకూ కమానుకూ (వయొలిన్ విల్లుకూ) మధ్య ఎడం దాదాపు ఉండదు, ఎందుకంటే ఆ సంగతి, అంటే గాయకుడు పలికే ఆ స్వరాల వరస, ఎటు పోతుందో వయొలిన్ విద్వాంసుడికి ముందే తెలుసు. ఏదో ఒక క్షణంలో ఆ ఎడం పెరుగుతుంది. కమాను ఆగుతుంది. ఒక్క స్వరం పట్టుకుని నిలబడి, గాయకుడు ఎక్కడ దిగుతాడో చూసి, అప్పుడు అందుకుంటుంది. మైకుకు దూరంగా, సన్నగా, ‘భేష్’ అని వినిపిస్తుంది. అంటే ఆ సంగతి ఆ రాత్రే పుట్టింది, పక్కనున్న మనిషి కూడా మొదటిసారే విన్నాడు. గాయకుడినీ వయొలిన్‌నూ వేరువేరు రోజుల్లో కూర్చోబెట్టి పాడించే స్టూడియో రికార్డింగులో ఇది ఎన్నటికీ రాదు. నేను ఈ పని వదలకుండా చేస్తున్నది ఆ క్షణాల కోసమే.

చెన్నైలో చార్సూర్ సంస్థ ‘డిసెంబర్ సీజన్’ పేరుతో వేసిన లైవ్ సీడీలు దొరికితే వదలొద్దు. గాయకుడు సంజయ్ సుబ్రహ్మణ్యన్‌వాటితో మొదలుపెట్టండి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి పేరెత్తగానే అందరూ 1966 ఐక్యరాజ్యసమితి కచేరీ అడుగుతారు. అది గొప్ప సందర్భం, కాదనను. ఆమె రాగాన్ని తీరిగ్గా పెంచడం వినాలంటే మాత్రం మన సభల్లో మన శ్రోతల ముందు పాడిన పూర్తి కచేరీ పట్టుకోవాలి.

ప్రశ్న: లైవ్ రికార్డింగుల్లో దగ్గులు, చప్పట్లు, కుర్చీల చప్పుడు. ఇవన్నీ తీసేసి శుభ్రంగా ఇవ్వలేరా?
— ఒక పాఠకుడు, టి.నగర్

జవాబు: తీయొచ్చండీ, కొంత తీస్తాం కూడా. ఫోన్ రింగుటోన్ ఉంచాలని ఎవరికీ ఉండదు. కానీ హాలు వైపు తిప్పిన రెండు మైకుల్ని నేను పూర్తిగా మూసేయను. తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు ఒంటరిగా వాయించే ఘట్టం) మొదలవగానే కొందరు లేచి క్యాంటీన్ వైపు నడుస్తారు, సీట్లు ఒకదాని తర్వాత ఒకటి ఠప్పుమని మడుచుకుంటాయి. వినడానికి బాధగానే ఉంటుంది. అయితే ఆ చప్పుడు ఆగిన చోట, మిగిలినవాళ్లు తాళం వేస్తూ కూర్చున్న చోట, మృదంగం వాయించే తీరు మారడం స్పష్టంగా వినిపిస్తుంది. హాలును కోసేస్తే ఆ మార్పుకు కారణం పోతుంది.

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో జరిగిన ‘కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ ఆల్బమ్‌లో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ వాద్యాలు శ్రుతి చేసుకోగానే జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నారు రవిశంకర్. దాన్ని ఆల్బమ్‌లో ఉంచేశారు, మంచి పని చేశారు.

ఇబ్బందులే సంగీతాన్ని నడిపిన సందర్భాలూ ఉన్నాయి. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ నగరంలో జాజ్ పియానో విద్వాంసుడు కీత్ జారెట్‌కు అడిగిన పియానో కాకుండా చిన్నది, బాగోలేనిది దొరికింది. పై స్వరాలు కీచుమంటున్నాయి, కింది స్వరాలకు బలం లేదు. ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆయన ఎక్కువగా మధ్య స్థాయిలోనే ఉండి, ఎడమ చేత్తో ఒకే వరసను తిప్పి తిప్పి వాయించాడు. ‘ది కొలోన్ కాన్సర్ట్’ లక్షల కాపీలు అమ్ముడైంది.

ప్రశ్న: సభలో కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకోవచ్చా?
— ఒక విద్యార్థి, తాంబరం

జవాబు: విద్వాంసుల అనుమతి, సభవారి అనుమతి లేకుండా వద్దు నాయనా. గురువుగారి కచేరీ అయితే ముందే అడుగు, చాలామంది శిష్యులకు కాదనరు. పాతవి వినాలంటే మ్యూజిక్ అకాడమీలో ట్యాగ్ డిజిటల్ లిజనింగ్ ఆర్కైవ్ ఉంది. అక్కడే కూర్చుని వినాలి. చేత్తో తాళం వేసుకుంటూ వినడం అక్కడ అలవాటు చేసుకో.

ప్రశ్న: మాది పాలకొల్లు. మా ఊరి మాండొలిన్ శ్రీనివాస్‌గారి లైవ్ ఆల్బమ్‌లలో దేనితో మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మీ ఊరి పేరు చూడగానే సంతోషమేసిందండీ. శ్రీనివాస్‌గారి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు. అందుకే శ్రీనివాస్ వాదనలో గొంతు వినిపిస్తుంది. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు ఎనిమిది ఉంటాయి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పెట్టుకుని గమకాలు సాధించారు.

2001లో వచ్చిన ‘రిమెంబర్ శక్తి’ వారి ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’తో మొదలుపెట్టండి. గిటార్ వాయించే జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకీర్ హుస్సేన్‌లతో కలిసి వాయించినది. అంతకుముందు ఆ ఇద్దరిదే అయిన అసలు ‘శక్తి’ బృందం మొదటి ఆల్బమ్ కూడా లైవే, 1975లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కాలేజీలో వాయించినది. అందులో ఘటం మన చెన్నై విక్కు వినాయకరామ్‌గారిది. బాంబే ఆల్బమ్‌లో ‘గిరిరాజ్ సుధ’ అని ఒకటుంది. అది త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి ‘గిరిరాజ సుతా తనయ’. ముందు ఆ కృతిని ఏదైనా కచేరీలో, మామూలుగా, వినాయక స్తుతిగా పాడగా వినండి. తర్వాత ఇది పెట్టుకోండి. మెక్‌లాఫ్లిన్ గిటార్‌కు శ్రీనివాస్ జవాబిచ్చే చోట్లు రెండుమూడుసార్లు వెనక్కి తిప్పి విని, మీకు ఏం వినిపించిందో నాకు రాయండి.