నోటుపుస్తకాల కట్ట ఇంటికి తేకండమ్మా

మూడో తరగతి పిల్లల నలభై నోటుపుస్తకాలు దిద్దడానికి రోజూ ఇంటికి తెచ్చుకుంటున్నాను, మా బాబును పట్టించుకునే తీరికే లేదని రాశారు కదమ్మా. ఉప్పల్‌లో ముప్పై ఏళ్లుగా చిన్నపిల్లలకే చెప్తున్నా, నేనూ అదే చేశాను. ఓ రాత్రి మా అమ్మాయి తన హోంవర్క్ పుస్తకం ఆ కట్ట మధ్యలో దూర్చింది, అట్లయినా చూస్తానని! ఎర్రపెన్ను పట్టుకుని పేరు చూసేదాకా నాకు తెలియలేదు.

రోజుకు ఒక్క వరుస పిల్లల పుస్తకాలే తీసుకోండి. అదీ బళ్లోనే, మిగతావాళ్లు ఎక్కాలు రాస్తుండగా, పిల్లను పక్కన నిలబెట్టుకుని దిద్దండి. డిక్టేషన్ అయితే పుస్తకాలు మార్చుకుని వాళ్లే దిద్దుకుంటారు, భలే నిక్కచ్చిగా! హెచ్‌ఎం ఏమైనా అంటే, 2009 విద్యాహక్కు చట్టంలో టీచరుకు చెప్పిన వారానికి 45 గంటల్లో పాఠాల తయారీ కూడా కలిసే ఉందని నెమ్మదిగా చెప్పండి. పరీక్ష పేపర్లంటారా, అవి మాత్రం ఇంటికి తప్పవు.