ప్రెసిడెంట్ ఆర్డర్‌తో ఇల్లినాయిస్ ఏఐ చట్టం రద్దయినట్టేనా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గుంటూరు. చాలా ఏళ్లుగా ఇల్లినాయిస్‌లో, నేపర్‌విల్‌లో ఉంటున్నాం. నాకు 46 ఏళ్లు. హెచ్‌4 ఈఏడీ (మా వారి వీసా మీద ఆధారపడి నాకు వచ్చిన పని అనుమతి) మీద టెస్టింగ్‌లో పనిచేశాను, లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. ఈ ఫిబ్రవరిలో ఇక్కడి ఒక కంపెనీకి రాత్రి పదకొండింటికి అప్లై చేస్తే ఇరవై నిమిషాల్లో రిజెక్షన్ మెయిల్ వచ్చింది. అదే ఉద్యోగానికి నాకంటే చాలా తక్కువ అనుభవం ఉన్న మా పక్కింటి పాతికేళ్ల అమ్మాయిని ఇంటర్వ్యూకి పిలిచారు. రెజ్యూమెలు ఏఐతో వడగడుతున్నారా అని మెయిల్‌లో అడిగాను. "ప్రెసిడెంట్ ఆర్డర్ వచ్చాక ఆ రాష్ట్ర చట్టం వర్తించదు, చెప్పాల్సిన అవసరం మాకు లేదు" అని హెచ్‌ఆర్ నుంచి జవాబు. న్యూజెర్సీలో ఉన్న మా మరిది కూడా "కేంద్రం కాదన్నాక రాష్ట్ర చట్టం ఎక్కడ నిలుస్తుంది వదినా, వదిలెయ్యండి" అంటున్నాడు. నిజంగా రద్దయిందా? ఫిర్యాదు చేస్తే వీసాకేమైనా ఇబ్బందా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఉద్యోగాల ఎంపికలో ఏఐ వాడితే ఆ సంగతి చెప్పాలనే ఇల్లినాయిస్ చట్టం ప్రెసిడెంట్ ఆర్డర్ వల్ల రద్దు కాలేదమ్మా. ముందు ఆ హెచ్‌ఆర్ మెయిల్‌ను భద్రంగా దాచుకోండి. "చెప్పాల్సిన అవసరం మాకు లేదు" అన్న మాట రేపు మీకే పనికొస్తుంది.

వాళ్లు చెబుతున్నది 2025 డిసెంబరు 11న ట్రంప్ సంతకం చేసిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ గురించి. ఏఐ మీద రాష్ట్రానికో చట్టం ఉంటే కంపెనీలకు కష్టం, దేశమంతటికీ ఒకే విధానం ఉండాలి అన్నది దాని సారాంశం. కానీ అందులోని ఆదేశాలు ఎవరికో చూడండి. రాష్ట్ర చట్టాల మీద కోర్టుకెళ్లడానికి ఒక ప్రత్యేక బృందం పెట్టమని అటార్నీ జనరల్‌కు, "భారమైన" రాష్ట్ర చట్టాల జాబితా 90 రోజుల్లో తయారుచేయమని వాణిజ్య శాఖకు, తమ పరిధిలో ఏం చేయవచ్చో చూడమని టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి, వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీకి. కాంగ్రెస్ ముందు పెట్టడానికి చట్టం కోసం సిఫార్సు రాయమని కూడా ఉంది. రాష్ట్ర చట్టాలను ఆ ఆర్డరే కొట్టేసి ఉంటే, కోర్టు బృందమెందుకు, కాంగ్రెస్‌కు సిఫార్సెందుకు? పైగా ఈ ఆర్డర్ ఎవరికీ కోర్టులో అమలు చేయించుకోగల హక్కు ఏదీ ఇవ్వదని చివర్లో మామూలుగా రాసే వాక్యం ఇందులోనూ ఉంది. కాబట్టి ఆ కంపెనీ దాన్ని అడ్డం పెట్టుకోలేదు.

మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే ఇది జీవో లాంటిది. జీవోతో ప్రభుత్వం తన అధికారులను నడిపించుకోగలదు గానీ, శాసనసభ చేసిన చట్టాన్ని కొట్టేయలేదు. ఇక్కడైతే జీవో ఇచ్చింది ఒక ప్రభుత్వం, చట్టం చేసింది వేరే ప్రభుత్వం.

మీ మరిది గారి మాట మన దేశపు అలవాటులోంచి వచ్చింది. భారత రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశం మీద పార్లమెంటు చట్టానికీ రాష్ట్ర చట్టానికీ పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం సాధారణంగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. జాబితాల్లో లేని అంశాలూ పార్లమెంటుకే. అమెరికాలో ఈ రెండోది తిరగబడింది: కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలవో ప్రజలవో అని వాళ్ల రాజ్యాంగపు పదో సవరణ చెబుతుంది. ఫెడరల్ చట్టం రాష్ట్ర చట్టానికి పైదన్న మాట ఇక్కడా నిజమే, కానీ ముందు కాంగ్రెస్ ఆ చట్టం చేయాలి. అదీ ఎలాగంటే అలా కాదు. ఆయన ఉంటున్న న్యూజెర్సీ గెలిచిన కేసే చూడమనండి. క్రీడా పందేలను రాష్ట్రాలు అనుమతించకూడదని 1992లో కాంగ్రెస్ చేసిన చట్టాన్ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాంగ్రెస్ కావాలంటే పందేలను తానే నియంత్రించవచ్చు గానీ, రాష్ట్ర శాసనసభకు "మీరు ఫలానా చట్టం చేయకండి" అని హుకుం జారీ చేయలేదని తీర్పు.

ఏఐ విషయంలో కాంగ్రెస్ ప్రయత్నించలేదని కాదు. రాష్ట్రాల ఏఐ చట్టాలను పదేళ్లపాటు అమలు చేయకుండా ఆపే నిబంధనను 2025 మేలో ప్రతినిధుల సభ ట్రంప్ పెద్ద బిల్లులో పెట్టి పాస్ చేసింది. జూలై 1న సెనేట్ దాన్ని 99–1 ఓట్లతో పీకేసింది. రెండు పార్టీలూ అంత ఏకమవడం ఈ మధ్య నేను చూడలేదు. చట్టసభలో నెగ్గనిది ఆర్డర్ రూపంలో వచ్చిందని విమర్శకులు అంటున్నది అందుకే.

మరి ఒత్తిడి ఎక్కడుంది? డబ్బులో. పల్లెలకు ఇంటర్నెట్ వేయడానికి 2021 చట్టం కింద 42.45 బిలియన్ డాలర్ల బీడ్ నిధి ఉంది. "భారమైన" ఏఐ చట్టాలున్న రాష్ట్రాలకు అందులో కేబుళ్ల ఖర్చు పోగా మిగిలే సొమ్మును, చట్టం అనుమతించినంత మేర, ఇవ్వకుండా షరతులు పెట్టమని ఆర్డర్‌లో రాశారు. ఇతర గ్రాంట్లకూ ఇలాంటి షరతులు పెట్టవచ్చేమో చూడమన్నారు. ఈ ఎత్తు పాతదే. 21 ఏళ్లు నిండనిదే మద్యం అమ్మకూడదన్న నియమం దేశమంతా వచ్చింది ఇలాగే: పాటించని రాష్ట్రానికి హైవే నిధుల్లో 5 శాతం కోత అన్నారు, 1987లో సౌత్ డకోటా కేసులో సుప్రీంకోర్టు సరేనంది. కానీ ఆ షరతు పెట్టింది కాంగ్రెస్. షరతు ముందే స్పష్టంగా ఉండాలి, నిధి ఉద్దేశంతో సంబంధం ఉండాలి అని కూడా ఆ తీర్పు చెప్పింది. పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రానికి ఉన్న నిధులు కూడా ఆపేస్తామంటే, అది బలవంతమని 2012లో కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి బీడ్ షరతు కోర్టులో నిలుస్తుందని నేను పందెం కాయను. అయినా బెదిరింపు దాని పని అది చేస్తుంది. బడ్జెట్ లోటులో ఉన్న గవర్నర్ కొత్త ఏఐ బిల్లు మీద సంతకం పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఆ బెడద రాబోయే చట్టాలకు. మీ హక్కు ఇప్పటికే ఉన్న చట్టంలోది.

కేంద్రం రాష్ట్రాల మీద వేసే దావాలు అన్నీ తీసిపారేయదగ్గవి కావు. ఏఐ తయారు చేసే కంపెనీల చేత ఫలానాది వెల్లడించమని చెప్పే చట్టాల మీద వాక్ స్వాతంత్ర్యం వాదన కొంత గట్టిదే. ఆర్డర్ పేరెత్తి తప్పుబట్టింది కొలరాడో చట్టాన్ని. మీ ఇల్లినాయిస్ చట్టం సంగతి వేరు. అది ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే పాత మానవ హక్కుల చట్టానికి చేసిన సవరణ. 2024లో సంతకమై 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వివక్ష మీద రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకోవచ్చని 1964 పౌరహక్కుల చట్టంలో కాంగ్రెసే రాసిపెట్టింది. దాన్ని దాటడం తేలిక కాదు. కోర్టు ప్రత్యేకంగా ఈ సవరణను ఆపితే తప్ప కంపెనీ పాటించాల్సిందే.

ఆ సవరణ రెండు పనులు చేసింది. ఉద్యోగంలోకి తీసుకోవడం, ప్రమోషన్, తొలగింపు వంటి వాటిలో ఏఐ వాడితే ఆ సంగతి అభ్యర్థులకూ ఉద్యోగులకూ తెలియజేయాలి. ఆ ఏఐ వల్ల వివక్ష ఫలితం వస్తే, ఉద్దేశం లేకపోయినా తప్పే. జిప్ కోడ్‌ను (మన పిన్‌కోడ్ లాంటిది) జాతికి బదులు వాడుకోవడం కూడా కుదరదు. నలభై దాటిన వయసు, పుట్టిన దేశం, వర్క్ ఆథరైజేషన్ స్థితి – మూడూ ఆ రాష్ట్రంలో రక్షణ ఉన్నవే. వీసా స్పాన్సర్ చేయనందుకు కంపెనీని తప్పుపట్టలేం గానీ, ఈఏడీ ఉన్న మీకు ఆ కంపెనీ స్పాన్సర్‌షిప్పే అక్కర్లేదు.

ఇక మీ కేసులో బలహీనత. ఇరవై నిమిషాల్లో తిరస్కరించారంటే యంత్రమే చేసి ఉండొచ్చు, కానీ ప్రతి యంత్రమూ ఈ చట్టం దృష్టిలో ఏఐ కాదు. అప్లికేషన్‌లో ఒక ప్రశ్నకు "నో" అంటే తీసేసే మామూలు ఫిల్టర్ కావచ్చు. పక్కింటి అమ్మాయితో పోలిక అనుమానానికి చాలు, రుజువుకు చాలదు. లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, నలభై దాటినవాళ్లలో ఎందరిని తీసేసిందో మీకు తెలిసే దారి లేదు. రాష్ట్ర మానవ హక్కుల శాఖ విచారణలో కంపెనీని అడగగలదు. అందుకే ఫిర్యాదు అక్కడ మొదలుపెట్టమంటున్నాను. ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి మాత్రం 300 రోజులే. ఉద్దేశం లేని వివక్ష కేసులను పక్కకు పెట్టమని 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ సంస్థలకు ఇంకో ఆర్డర్ వెళ్లింది కాబట్టి అక్కడ విచారణ చురుగ్గా సాగుతుందని ఆశపడకండి. అయినా గడువు దాటనీయకండి; ఫెడరల్ కోర్టు తలుపు దాని తర్వాతే తెరుచుకుంటుంది. కంపెనీలు దరఖాస్తులు వడగట్టడానికి వాడే వర్క్‌డే సాఫ్ట్‌వేర్ వయసును బట్టి వడగడుతోందన్న కేసులో, నలభై దాటిన అభ్యర్థులు కలిసి పోరాడటానికి కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి 2025 మేలో ప్రాథమికంగా అనుమతించారు. తుది తీర్పు కాదది, కానీ దారి ఉందని తెలుస్తోంది.

ఉద్యోగ ప్రకటన, కెరీర్స్ పేజీ, మీరు ఇచ్చిన జవాబులు, రెండు మెయిళ్లు – అన్నీ సమయంతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ప్రకటనలు రాత్రికి రాత్రి మారిపోతుంటాయి. అప్లికేషన్ పోర్టల్‌లో ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బదులు ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకు) ఒప్పుకుంటూ టిక్ పెట్టి ఉంటారేమో చూడండి. పెట్టినా ప్రభుత్వ శాఖకు ఫిర్యాదు చేయడానికి అది అడ్డు రాదు. వీసా భయం వద్దు: వివక్ష మీద ఫిర్యాదు చేయడం హెచ్‌4 షరతుల ఉల్లంఘన కాదు, అందుకు కక్ష సాధించడం మళ్లీ వేరే ఉల్లంఘనని అదే చట్టం చెబుతుంది. ఫిర్యాదు పెట్టేముందు ఇల్లినాయిస్‌లో ఉద్యోగ చట్టాలు చూసే లాయరుకు ఈ కాగితాలు ఒకసారి చూపించండి. ఇమ్మిగ్రేషన్ లాయరు సరిపోరు.