హైస్కూల్లో టీవీ పాఠాలతో ఇంగ్లీషు వస్తుందా? ఇథియోపియాలో నేను చూసింది

మీరు అడిగింది ఇదీ: మీ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడాదిగా ఇంగ్లీషు టీచర్ లేరు. రికార్డు చేసిన పాఠాలు టీవీలో వేసి, ఇంకో సబ్జెక్టు టీచర్‌ని క్లాసులో ఉంచుదామని స్కూల్ కమిటీలో అనుకుంటున్నారు. దాంతో పిల్లలకు ఇంగ్లీషు వస్తుందా అని.

ఇది చదవగానే నాకు బహిర్ దార్ గుర్తొచ్చింది. ఇథియోపియాలో తానా సరస్సు ఒడ్డునున్న ఊరు. 2006 నుంచి మూడేళ్లు అక్కడ కాబోయే ఇంగ్లీషు టీచర్లకు పాఠాలు చెప్పాను. ఆ రోజుల్లో ఇక్కడ ప్రైవేటు కాలేజీల్లో చాలీచాలని జీతాలతో నెట్టుకొస్తున్న మన లెక్చరర్లు చాలామందే ఇథియోపియా వెళ్లారు. నేనూ ఆ బాపతే. మా విద్యార్థులు టీచింగ్ ప్రాక్టీసుకు హైస్కూళ్లకు వెళ్తే, వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేయడం నా డ్యూటీ. చిక్కేమిటంటే నేను మార్కులు వేయాల్సింది టీచర్‌కి, పాఠం చెప్పేది టీవీ.

అక్కడ తొమ్మిదో తరగతి నుంచి లెక్కలు, సైన్సు అన్నీ ఇంగ్లీషులోనే. అంత ఇంగ్లీషు వచ్చిన టీచర్లు సరిపడా లేరు. అందుకని 2004లో ప్రభుత్వం హైస్కూళ్లలో ప్లాస్మా టీవీలు, డిష్‌లు పెట్టించడం మొదలుపెట్టింది. పాఠాలు దక్షిణాఫ్రికాలో తీయించి ఉపగ్రహం ద్వారా ప్రసారం చేసేవాళ్లు. ఇంగ్లీషు సబ్జెక్టూ అందులోనే వచ్చేది. పిల్లలు దాన్ని ఒక టీచర్ లాగే పిలిచేవాళ్లు. "ఇవాళ ప్లాస్మా రాలేదు" అనేవాళ్లు.

మొదటిసారి చూసిన క్లాసు ఇప్పటికీ కళ్ల ముందుంది. డెబ్బై మంది దాకా పిల్లలు, బెంచీకి ముగ్గురు. టీవీ ఒక ఇనుప పెట్టెలో, దానికి తాళం. తాళంచెవి ఆఫీసు రూంలో. అది వచ్చేసరికి పాఠం మొదలైపోయింది. తెర మీద ఒకావిడ చక్కటి ఇంగ్లీషులో, "ఈ బొమ్మలో ఏం జరుగుతోందో మీ పక్కవాళ్లతో చర్చించండి, రెండు నిమిషాలు" అంది. పక్కన గడియారం వెనక్కి తిరగడం మొదలైంది. ముందు ఆవిడ ఏం చేయమందో తెలియాలి కదా. ఒకడు ఇంకొకణ్ణి వాళ్ల భాష అమ్హారిక్‌లో అడిగాడు, వాడు వెనక బెంచీని అడిగాడు. విషయం అర్థమై బొమ్మ వైపు తిరిగేలోపు టైం అయిపోయింది. తెర మీద ఆవిడ నవ్వుతూ "వెల్ డన్!" అంది. క్లాసులో ఒక్కరూ ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. నాకు నవ్వొచ్చింది గానీ పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకది అలవాటే.

ఒకమ్మాయి నోట్సు తీసుకుని చూశాను. దస్తూరి ముత్యాల్లా ఉంది, వాక్యాలు మాత్రం అన్నీ సగం సగమే. తెర మీద రాత మారిపోయేలోపు ఎంత రాయగలిగితే అంత.

పీరియడ్ మొదట్లో, చివర్లో కొద్ది నిమిషాలు మాత్రమే టీచర్‌వి. మధ్యలో ఎందుకు ఒక్క మాటైనా వివరించలేదని ఆ క్లాసు తీసుకుంటున్న మా ట్రైనీని (టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన మా విద్యార్థిని) అడిగితే, "నేను మాట్లాడితే ప్లాస్మా మాట వినపడదు సర్" అన్నాడు. నిజమే. ప్రసారం ఎవరి కోసమూ ఆగదు. కరెంటు పోయిన రోజున ఇంకో సంగతి బయటపడేది. కొందరు సుద్దముక్క తీసుకుని బాగానే చెప్పేవాళ్లు. ఎక్కువమంది కరెంటు కోసం ఎదురుచూస్తూ నిలబడేవాళ్లు. ఎలాగూ టీవీ చెబుతుందని వాళ్లు పాఠం తయారు చేసుకుని రాలేదు మరి.

అలాగని అంతా దండగ అనను. ఆ పాఠాల వల్ల ఇంగ్లీషు బాగుపడింది మా ట్రైనీలకే. రోజూ వింటూ వింటూ వాళ్ల ఉచ్చారణ మెరుగుపడటం నేను గమనించాను. వాళ్లకు ముందే కొంత భాష ఉంది కాబట్టి టీవీ ఉపయోగపడింది. లేని పిల్లలకు అది శబ్దమే.

  

ఇప్పుడు మీ సంగతి. మీకున్న పెద్ద వెసులుబాటు, మీది రికార్డు చేసిన పాఠం కాబట్టి కావాల్సిన చోట ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. కరోనాతో స్కూళ్లు మూతపడి, 2020 సెప్టెంబరులో తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్) లలో పాఠాలు మొదలైనప్పుడు మా తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి. టీవీలో టీచర్ "అర్థమైందా?" అంటే ఇది బుద్ధిగా "ఆఁ" అనేది, ఏమీ అర్థం కాకపోయినా. అదే పాఠం తర్వాత ఫోన్లో పెట్టుకుని ఒక వాక్యాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నది. నేర్చుకున్నది అక్కడ.

కాబట్టి పీరియడ్ మొత్తం టీవీ వేయకండి. ఐదారు నిమిషాల ముక్క చాలు. క్లాసులో ఉండే టీచర్ తెలుగు మాస్టారైనా, సోషల్ మేడమైనా, ముందురోజు ఆ ముక్క చూసి కష్టమైన మాటలు ఆరేడు నల్లబల్ల మీద రాయాలి. మొదటిసారి ఆపకుండా వేయండి. రెండోసారి, తెర మీద ప్రశ్న రాగానే ఆపేసి పిల్లలతో జవాబు చెప్పించండి. తప్పయినా సరే, నోరు తెరవాలి. తర్వాత టీవీ జవాబు వినిపించండి. ఆ టీచర్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రమైనా ఈ పని చేయగలరు. "నాకూ రాదు, కలిసి విందాం" అంటే పిల్లలకు టెన్షన్ తగ్గుతుంది కూడా.

రాయడం మాత్రం టీవీతో కాదు. నోట్సు దిద్దే మనిషి ఉండాల్సిందే. వారానికి రెండు రోజులైనా పక్క స్కూలు నుంచి ఇంగ్లీషు టీచర్‌ని సర్దుబాటు చేయమని జిల్లా విద్యాధికారి (డీఈవో) గారికి కమిటీ తరఫున రాతపూర్వకంగా ఇవ్వండి. టీవీ ఉంది కదా అని పోస్టు సంగతి మర్చిపోయే ప్రమాదం ఉంది, అక్కడా ఇక్కడా.

ఇంకొకటి, రిమోట్ క్లాసులోనే ఉంచండి. ఆఫీసు రూంలో పెట్టి తాళం వేశారో, సగం పీరియడ్ దాన్ని తేవడానికే పోతుంది.