ఒడిశాలోని తప్తపాని వేడినీటి బుగ్గలో రువాండా చిట్టి కలువ పెరుగుతుందా?

పెరగదు, ఆ కలువకు కావలసింది ఉడుకునీరు కాదు, బుగ్గ నుంచి పారి చల్లారిన నీటితో ఎప్పుడూ తడిగా ఉండే బురద నేల.

నింఫియా థెర్మారమ్ అనే ఈ మొక్క కలువలన్నింటిలోకీ చిన్నది. దాని ఆకు 1 సెంటీమీటరు వెడల్పు మాత్రమే ఉండవచ్చు. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల చెరువుల్లో మనం చూసే కలువల గింజలు నీటి అడుగున మొలిచి, ముందు మునిగి ఉండే ఆకులను, ఆ తరువాతే తేలే ఆకులను వేస్తాయి. చిట్టి కలువ మొలకకు మాత్రం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందాలి, కనుక లోతు నీటిలో అది ఎదగదు. లండన్‌లోని క్యూ ఉద్యానంలో నీట మునిగిన మొలకలు వరుసగా చనిపోతుండగా, 2009లో అక్కడి ఉద్యాన నిపుణుడు కార్లోస్ మాగ్డలీనా నీటిని మట్టి అంచుకు సమంగా ఉంచి, సుమారు 25 డిగ్రీల వేడిలో పెంచినప్పుడు అవి నిలదొక్కుకొని పూశాయి.

వేడి బుగ్గ దగ్గర దొరికింది కాబట్టి వేడినీటి మొక్క అనుకోవడం సాధారణమైన పొరపాటు, పేరు కూడా అలాగే నమ్మిస్తుంది, లాటిన్‌లో థెర్మారమ్ అంటే వేడి బుగ్గలకు చెందినది అని. 1987లో మష్యూజా అనే చోట దాన్ని గుర్తించినప్పుడు కూడా అది బుగ్గ నోటి దగ్గర లేదు, నీరు చల్లబడిన చోట ఉంది. ఆ నీటిని మళ్లించడంతో నేల ఎండి, 2008 నాటికి అక్కడ కనుమరుగై, తిరిగి 2023లో రువాండాలోనే కనిపించింది.