పాఠం దొరుకుతుంది, దిద్దేవాళ్లు కావాలి

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. వచ్చే ఏడాది ఏపీ సైకాలజీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) తీసుకోవాలని చాలా ఆశపడింది. తీరా చూస్తే ఆ పీరియడూ, ఆర్కెస్ట్రా పీరియడూ ఒకే సమయానికి పడ్డాయి. ఆరో తరగతి నుంచీ వయొలిన్ వాయిస్తోంది, అది మాననంటోంది. క్లాసు లేకుండా తనే చదువుకుని పరీక్ష రాస్తుందట. మావారేమో ఎలాగూ రాస్తోంది కదా, ఫిజిక్స్ సి, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, హ్యూమన్ జాగ్రఫీ కూడా కలిపి రాసేయమంటున్నారు. ఆయన స్నేహితుడి కొడుకు అలా ఆరు రాశాడట. అసలు క్లాసులో చేరకుండా రాయనిస్తారా? కాలేజీలవాళ్లు లెక్కలోకి తీసుకుంటారా? కోచింగ్‌లో చేర్చాలా?
– ఒక అమ్మ, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, రాయనిస్తారు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు, క్లాసులో కూర్చుంటేనే పరీక్ష రాయాలని ఎక్కడా నియమం పెట్టలేదు. మన ఊళ్లలో ‘ప్రైవేటుగా కట్టడం’ అంటాం చూడండి, అలాంటిదే. మా పెద్దక్క 1986లో తెనాలిలో ఇంటర్ అలాగే కట్టింది. ఆమె సంగతి కాసేపట్లో చెబుతాను. మీ అమ్మాయి చదువుకి అది బాగా పనికొస్తుంది.

ముందు మీరు చేయాల్సిన పని. ఏపీ పరీక్షలు పెట్టే ప్రతి హైస్కూల్లో ఏపీ కోఆర్డినేటర్ అని ఒకరుంటారు. చాలాచోట్ల కౌన్సెలర్లలోనే ఒకరు ఆ పని చూస్తారు. బడి తెరిచిన రెండు వారాల్లోపు మీ అమ్మాయి చేతే ఆయనకో ఆవిడకో మెయిల్ రాయించండి. మీరు రాయకండి, అమ్మాయే రాయాలి. ‘ఈ క్లాసులో లేను, పరీక్ష మాత్రం రాయాలనుకుంటున్నాను, వీలవుతుందా’ అని అడిగితే చాలు. ఒప్పుకుంటే ‘పరీక్షకు మాత్రమే’ అనే సెక్షన్‌లో చేరడానికి ఒక కోడ్ ఇస్తారు. మీ బడిలో ఆ సబ్జెక్టు ఉంది కాబట్టి వాళ్లు మామూలుగా కాదనరు. అయినా నిర్ణయం బడిదే. లేని సబ్జెక్టయితే పక్క బడుల కోఆర్డినేటర్లను బతిమాలాల్సి వస్తుంది, దానికి ఇంకా ముందే మొదలుపెట్టాలి. పరీక్షలు మేలో కదా, వేసవి ముందు చూసుకుందాంలే అనుకుంటారు చాలామంది. బడులు బోర్డుకి ఆర్డరు పెట్టే గడువు నవంబరు మధ్యలోనే అయిపోతుంది, బడి పెట్టుకునే సొంత గడువు అంతకన్నా ముందే ఉండొచ్చు. దాటితే 40 డాలర్ల జరిమానా. 2025లో ఒక్కో పరీక్షకు 99 డాలర్లు కట్టించుకున్నారు. మీవారు చెప్పిన నాలుగూ కడితే నాలుగు వందలు. పైగా పేరిచ్చి రాయకపోయినా కొంత పోతుంది.

ఇక నాలుగు రాయాలా అన్న మాట. వద్దమ్మా. మీవారికి ఈ పేజీ చూపించండి, నా మాటగా చెప్పండి. ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా క్యాలిక్యులస్ చెబుతున్నాను. క్లాసులో చదివి పరీక్ష రాసినవాళ్లనీ, ఇంట్లో చదివి రాసినవాళ్లనీ దగ్గర్నుంచి చూశాను. ఇంట్లో చదివి బాగా రాసిన పిల్లలు ఎక్కువమంది ఒకటే రాశారు, అదీ తమంతట తాము ఇష్టపడిన సబ్జెక్టు. మీ అమ్మాయి అడిగింది సైకాలజీ. మిగతా మూడూ అడిగింది మీవారు.

ఫిజిక్స్ సి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దానికి క్యాలిక్యులస్ రావాలి, అమ్మాయి ఇంకా అక్కడికి చేరలేదేమో. వచ్చినా, రాతప్రశ్నల్లో ఒకటి ప్రయోగం మీదే వస్తుంది. ఏది కొలవాలి, దేంతో కొలవాలి, గ్రాఫులో ఏ ఇరుసు మీద ఏది వేస్తే సరళరేఖ వస్తుంది, ఆ రేఖ వాలు నుంచి ఏం తెలుస్తుంది అని అడుగుతారు. ల్యాబులో స్టాప్‌వాచ్ పట్టుకుని, లెక్క తప్పి, మళ్లీ చేసిన పిల్లలకి అది తేలిక. పుస్తకంలో చదివిన పిల్లలకి అదే గండం. కొన్ని సబ్జెక్టులు ఇంట్లో చదివి రాయడానికి లొంగవు కూడా. ఏపీ సెమినార్, రీసెర్చ్ అలాంటివి, ఏడాదంతా బడిలో చేసిన పని మీదే ఎక్కువ మార్కులుంటాయి.

సైకాలజీ లొంగుతుంది. కానీ ఒక జాగ్రత్త. 2024–25 నుంచి ఆ పరీక్ష రూపం పూర్తిగా మారింది. తొమ్మిది యూనిట్లు పోయి అయిదయ్యాయి. వంద బిట్ల చోట 75 వచ్చాయి, సమయం 90 నిమిషాలు. రెండు రాతప్రశ్నలకి కలిపి 70 నిమిషాలు, మొత్తం మార్కుల్లో మూడో వంతు వాటివే. అంతా కంప్యూటర్‌లో బ్లూబుక్ అనే యాప్‌లో టైపు చేయాలి. మా వీధిలో ఒక పిల్ల వాళ్ల కజిన్ వాడిన గైడు తెచ్చుకుని అయిదు నెలలు చదివింది. మార్చిలో నా దగ్గరికొచ్చి నమూనా ప్రశ్న చూసి ఏడ్చింది. దాని చేతిలో ఉన్నది పాత పరీక్ష గైడు. అంత కష్టపడే పిల్లకి అలా జరగడం చూస్తే నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి ఎవరి పాత పుస్తకమూ తీసుకోకండి. కాలేజ్ బోర్డు వెబ్‌సైట్‌లో ప్రతి సబ్జెక్టుకీ పెద్ద సిలబస్ పుస్తకం ఉచితంగా పెట్టారు. దాన్ని ప్రింటు తీయించి పెట్టండి, ఆ తర్వాతే ఏ పుస్తకం కొనాలో చూడండి.

ఇప్పుడు మా అక్క సంగతి. పదో తరగతి కాగానే నాన్నకి జబ్బుచేసి అక్క బడి ఆగిపోయింది. పక్కింటి అబ్బాయి దగ్గర సి.ఇ.సి. పుస్తకాలు అడిగి తెచ్చుకుంది. పగలంతా ఇంటిపని, రాత్రి చదువు. పాఠాలు తనంతట తనే అర్థం చేసుకునేది. డిమాండ్ సూత్రం నాకు మొదట చెప్పింది అక్కే, వంకాయల ధర పెట్టి చెప్పింది. మా వీధి చివర రిటైరైన సివిక్స్ మాస్టారు ఉండేవారు. వారానికి రెండు జవాబులు రాసి తెమ్మన్నారు. మొదటిసారి అక్క ప్రాథమిక హక్కుల మీద ఆరు పేజీలు రాసి గర్వంగా తీసుకెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని అంతా చదివి, చివర ఎర్రసిరాతో ‘అడిగింది ఇది కాదమ్మా’ అని రాసిచ్చారు. ఆ మాట రాసేవాళ్లు లేకపోతే అక్క పరీక్షలో కూడా ఆ ఆరు పేజీలే రాసి వచ్చేది.

ఈ రోజుల్లో పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. యూట్యూబ్‌లో బోలెడు. క్లాసు లేని పిల్లకి దొరకనిది ఆ ఎర్రసిరా. మా క్లాసు పిల్లలు క్యాలిక్యులస్‌లో ‘అది పెరుగుతోంది’ అని రాస్తారు. ఏది పెరుగుతోంది? ఫంక్షనా, దాని డెరివేటివా? దిద్దేవాళ్లు ఊహించుకోరు, మార్కు పోతుంది. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ ‘అది’ చుట్టూ సున్నా చుడుతూనే ఉంటాను, మేలో మానేస్తారు. ఇంట్లో చదివే పిల్లకి ఆ సున్నా చుట్టేది ఎవరు?

సైకాలజీలో మొదటి రాతప్రశ్నకి ఒక పరిశోధన సారాంశం ఇస్తారు. ఫలానా అంశాన్ని ఈ పరిశోధనలో ఏ కొలతతో నిర్వచించారు అని అడుగుతారు. ఆందోళన మీద పరిశోధన అనుకోండి. పాత గైడు చదివిన మా వీధి పిల్ల ‘ఆందోళన అంటే భయంతో మనసు స్థిమితం లేకపోవడం’ అని చక్కగా రాసింది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశ్నకి సున్నా. ‘పాల్గొన్నవాళ్లు నింపిన ఇరవై ప్రశ్నల ఫారంలో వచ్చిన మొత్తం స్కోరు’ అని రాయాలి. రెండింటి తేడా ఒకసారి ఎవరైనా పక్కన కూర్చుని చూపిస్తే జన్మలో మర్చిపోరు. చూపించేవాళ్లు లేకపోతే, బాగానే రాశానన్న నమ్మకంతో హాల్లోంచి బయటికొస్తారు.

అందుకే కోచింగ్‌కి డబ్బు కట్టేముందు, దిద్దే మనిషిని వెతకండి. మీ బడిలో సైకాలజీ చెప్పే టీచరు ఉన్నారు. అమ్మాయి వెళ్లి ‘నెలకి ఒక జవాబు తెస్తాను, చూస్తారా’ అని అడిగితే ఎక్కువమంది సరే అంటారు. టీచర్లకి అలా అడిగే పిల్లలంటే ఇష్టం, నాకూ ఇష్టమే. రెండో దారి, బోర్డువాళ్లు గడిచిన పరీక్షల రాతప్రశ్నలతోపాటు దిద్దే సూచనలు, నిజంగా పిల్లలు రాసిన జవాబులు, ఒక్కో మార్కు ఎందుకు ఇచ్చారో ఎందుకు ఇవ్వలేదో వివరంతో సహా బయటపెడతారు. సైకాలజీ కొత్త పద్ధతివి 2025 నుంచే ఉన్నాయి కాబట్టి తక్కువ, ముందే చదివేసి ఖర్చు చేసుకోవద్దు. అమ్మాయి తన జవాబు రాశాక ఆ వివరం పక్కన పెట్టుకుని వేరే రంగు పెన్నుతో తనే దిద్దుకోవాలి. మీకు సైకాలజీ రాకపోయినా పక్కన కూర్చోండి. ‘అడిగింది ఏంటి, నువ్వు రాసింది ఏంటి, చదువు’ అని అడగడానికి సబ్జెక్టు రావక్కర్లేదు. ఫిబ్రవరి చివరికి అయిదు యూనిట్లూ అయిపోవాలి. మార్చి, ఏప్రిల్ రాయడానికి, దిద్దుకోవడానికి.

కాలేజీల మాట. స్కోరు కాగితం మీద క్లాసులో చదివిందీ ఇంట్లో చదివిందీ అని ఉండదు. కానీ బడి మార్కుల జాబితాలో ఆ సబ్జెక్టు ఉండదు, జీపీఏకీ (అంటే బడి మార్కుల సగటుకీ), బడిలో ర్యాంకుకీ ఈ పరీక్ష ఏమీ కలపదు. టెక్సస్‌లో ర్యాంకు కోసం పడే ఆరాటం నాకు తెలుసు. ఆ లెక్కన అయితే ఇంట్లో చదివి రాసిన ఆరు పరీక్షలూ ఒక్క మెట్టు కూడా ఎక్కించవు. క్రెడిట్ల విషయంలో, అంటే ఆ సబ్జెక్టు కాలేజీలో చదివినట్టే లెక్కకట్టే విషయంలో మాత్రం టెక్సస్ పిల్లలకి మేలుంది. 2015లో వచ్చిన రాష్ట్ర చట్టం వల్ల ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు అయిదుకి 3 వచ్చినా సాధారణంగా క్రెడిట్ ఇవ్వాలి, ఎక్కువ స్కోరు అడగాలంటే వాళ్లు కారణం చూపాలి. ప్రైవేటువాటిలో ఒక్కోచోట ఒక్కో తీరు. క్యాల్‌టెక్ లాంటివి ఏపీకి క్రెడిట్ అసలే ఇవ్వవు.

వయొలిన్ మాననన్నందుకు మీ అమ్మాయికి నా ముద్దులు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లో చదివి రాసిన ఏపీ పరీక్షలో అయిదుకి 2 వచ్చింది. వేసవి అంతా గదిలోంచి బయటికి రావడం లేదు. కాలేజీలకి ఇది తెలిసిపోతుందా?
– ఒక నాన్న, ఎడిసన్

జవాబు: మీరు పంపితేనే తెలుస్తుందండీ. అప్లికేషన్‌లో ఏ స్కోరు రాసుకోవాలో పిల్లల ఇష్టం, రాయకపోయినా తప్పు కాదు. తర్వాత అధికారికంగా పంపేటప్పుడు స్కోర్లన్నీ కలిసి వెళ్తాయి. ఒకదాన్ని ఆపమని కొద్దిపాటి రుసుము కట్టి అడగొచ్చు, శాశ్వతంగా రద్దు చేయించడానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. రద్దుకి మాత్రం తొందరపడకండి, వచ్చే మేలో మళ్లీ రాయాలనుకుంటాడేమో. ఆ జవాబులు ఎవరికైనా చూపించాడా అని మెల్లగా అడగండి. చూపించలేదంటే, ఈసారి పుస్తకం తెరవకముందే దిద్దే మనిషిని వెతకండి. ఈ సాయంత్రం మాత్రం చదువు ఊసెత్తకుండా అన్నానికి పిలవండి.